భాగ్యమ్మ బండికి రెండు పట్టీలు ఎక్కువ

నా భార్య భాగ్యమ్మ మనుషుల్ని బరువు చూసి కూర్చోబెట్టేది. ఆమె పోయాక ఎవరైనా ఆమె సంగతి ఎత్తితే నాకు మొదట గుర్తొచ్చేది అదే. తెల్లవారుతుండగా మా చర్చి ముందు ఆగిన పాత పికప్ బండి, తలకు తువ్వాళ్లు చుట్టుకున్న ఆడవాళ్లు, వాళ్ల మధ్య నిలబడి ఎవరు ఎటు కూర్చోవాలో చెబుతున్న ఆమె.

బండి వెనక కుడి చక్రం మీద కుదుపు ఆపే కమాన్ కట్టలో అన్నిటికంటే పెద్ద పట్టీ విరిగిపోయింది. దాని కింద చెక్క దిమ్మె దూర్చి, పాత ట్యూబు చుట్టి నడిపిస్తున్నారు. బండి ఎప్పుడూ కుడికి ఒరిగి ఉండేది. అందుకని లావుపాటివాళ్లు ఎడమకు, బక్కపాటివాళ్లు కుడికి.

“హన్మక్కా, నువ్వు ఎడమకు.”

“నిన్న గూడ ఎడమకే గదనే! నేనేమన్న ఎరువు బస్తానా?”

“బస్తా అయితే మాట్లాడకుంట కూసుంటది. ఎక్కు ఎక్కు.”

ఇదంతా రెండు వేల ఆరు నాటి మాట. గద్వాల చుట్టుపక్కల చేలన్నీ విత్తనం కోసం వేసే సీడు పత్తే. సాయంత్రం మొగ్గలు ఒలిచి పెట్టాలి, మర్నాడు పొద్దున ఆ పూలకు మగపూల పుప్పొడి రుద్దాలి. వేళ్లు సన్నగా కదలాలి కాబట్టి అందరూ ఆడవాళ్లే. ఎర్రవల్లి చౌరస్తాకు దగ్గర్లో ఉన్న మా ఊరి నుంచి పోయే గుంపుకు భాగ్యమ్మే మేస్త్రి.

అంతకుముందు వాళ్లను ఆర్గనైజరు రామచంద్రయ్య ట్రాక్టరు తీసుకుపోయేది. కంపెనీకీ రైతులకూ మధ్య ఉండి విత్తనం పండించే పనంతా చూసుకునేది ఆయనే. ఆ ట్రాక్టరు అన్ని చేలలో పని అయ్యేదాకా కదలదు. తమ సాళ్లు అయిపోయినా ఆడవాళ్లు పక్క చేలో ఊరికే చెయ్యి వెయ్యాల్సిందే. ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. పసిపిల్లల తల్లులు దారి పొడుగునా రొమ్ములు సలుపుతున్నాయని ఏడ్చేవాళ్లు. అందుకే భాగ్యమ్మ తన వెండి కడియాలు అమ్మి ఆ పాత బండి కొనిపించింది. నడిపేది ఆమె తమ్ముడు ఇమ్మానుయేల్. లైసెన్సు వాడిదే కాబట్టి కాగితాలూ వాడి పేరునే రాయించింది. తల్లి పోయినప్పటి నుంచి వాణ్ని చంకన వేసుకుని పెంచింది ఆమే. నేనొకసారి కాగితాల మాట ఎత్తితే నవ్వింది.

“వాడి పేరు నా పేరు వేరేనా ఏంది?”

బండి వచ్చాక ఆడవాళ్లు పొద్దు ఉండగానే ఇల్లు చేరేవాళ్లు. ఆ ఒక్క సంగతి కోసం భాగ్యమ్మ ఎవరితోనైనా పోట్లాడేది.

ఆగస్టులో ఎడమవైపు కట్ట కూడా కూర్చుండిపోయింది. ఇక మార్చక తప్పదని, ఇమ్మానుయేల్, భాగ్యమ్మ, నేను బండిని చౌరస్తాలో కమాన్లు కట్టే జాంగీర్ భాయ్ దుకాణానికి తీసుకుపోయాం. ఆయన జాకీ ఎత్తి, కిందకు దూరి, సుత్తితో కొట్టి చూశాడు. కట్టను పట్టి ఉంచే యూ బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. గ్యాసుతో కాల్చి కోయాలన్నాడు. పట్టీలు వేలాడే షాకిళ్లు అరిగి గుండ్రని రంధ్రాలు కోడిగుడ్ల ఆకారానికి వచ్చాయి.

“ఇండ్ల ఒక్కటి పనికొచ్చేది లేదమ్మా. అన్నీ మార్చాలె,” అన్నాడు.

“మార్చు భాయ్. మా ఆడోళ్ల నడుములు ఇరుగుతున్నయ్.”

“టైం పడ్తదక్కా,” అన్నాడు ఇమ్మానుయేల్. “నువ్వు, బావ ఇంటికి పోండ్రి. నేనుండి చేపిచ్చుకొస్త. ఇక్కడ గ్రీజు వాసనకు నీకు తలకాయ నొస్తది.”

వాడి మాటకు ఆమె ముఖం వెలిగింది. ఆటోలో వస్తూ, “చూసినవా, నా తలకాయ నొప్పి గూడ వానికి యాదికుంటది,” అంది.

శనివారం సాయంత్రం బండి వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లందరూ బండి చుట్టూ నిలబడ్డారు. పాస్టరు వేరే ఊరు పోవాల్సి ఉండి తొందరగా వెళ్లిపోతే, భాగ్యమ్మే బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఎక్కే ఆడబిడ్డలను, నడిపే తమ్ముణ్ని చల్లగా చూడమంది. ఇమ్మానుయేల్ ఆమె పక్కనే నిలబడి, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

సోమవారం నాకు గద్వాలలో టీచర్ల మీటింగు ఉండి, నేనూ అదే బండిలో, ముందు ఇమ్మానుయేల్ పక్కన కూర్చున్నాను. బండి తిన్నగా నిలబడింది గానీ వెనక భాగం బాగా పైకి లేచింది. హన్మమ్మకు కాలు అందలేదు. ఇద్దరు పైనుంచి లాగితే ఎక్కింది.

“ఏందిరా, మేడ కట్టినవా?”

“కొత్తవి గదక్కా. వారం తిరిగితే కూసుంటయ్.”

ముందు కూర్చున్న నాకు దారి ఎప్పటిలాగే ఉంది. వెనక అద్దంలోంచి చూస్తే ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. సద్ది టిఫిను ఒకటి ఎగిరి రోడ్డు మీద పడింది. గుంపులోని జములమ్మ బండి పక్క రేకు పట్టుకుని నిలబడి తిడుతోంది. గుంత కనపడ్డచోటల్లా వాళ్లు గాల్లోకి లేచి దబ్బున పడేవాళ్లు. పాత విరిగిన కమానే నయమని సాయంత్రం అందరూ అన్నారు.

వారం గడిచినా కమాన్లు కూర్చోలేదు. హన్మమ్మ నడుము పట్టేసి మంచాన పడింది. భాగ్యమ్మకు కోపం జాంగీర్ మీదికి మళ్లింది.

“నా తమ్ముని అమాయకున్ని చేసి ఏదో లారీ సామాను అంటగట్టిండు. వాని దుకాణం ముందు నిలబడి అడుగుత. నువ్వు గూడ రా.”

మర్నాడు పని మానుకుని దుకాణానికి వచ్చింది. నేనూ వెంట ఉన్నాను. జాంగీర్ భాయ్ ఒక ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. ఆమె నిలబడ్డచోటి నుంచే అందుకుంది.

“ఏం భాయ్, చదువు లేనోడని మోసం చేసినవా మా పిల్లగాన్ని? మనుషులు ఎక్కే బండికి గసుంటి కమాన్లు కడ్తరా?”

జాంగీర్ భాయ్ మెల్లగా బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“మనుషులు ఎక్కుతున్నరా గా బండి?”

“మరి దేవుళ్లు ఎక్కుతున్నరా?”

“నేను అడిగిన్నమ్మా. మనుషులా, లోడా అని అడగంది నేను కట్ట కట్టను. లోడు అన్నడు మీ తమ్ముడు. రామచంద్రయ్య సారు ఎరువు బస్తాలు, సీడు మూటలు ఏడాదంత తోలాలె, రెండు పట్టీలు ఎక్కువ ఎయ్యి అన్నడు. మూటలు ఉంటేనే గవి వంగుతయ్. పది పన్నెండు మంది ఆడోళ్లకు ఏం వంగుతయ్?”

“ఎప్పుడన్నడు?”

“మీరు ఆటో ఎక్కి పోయిన్రు గద, గప్పుడే.”

ఆమె దుకాణం ముందు పడేసిన పాత పట్టీల వైపు కాసేపు చూసింది. “పోదాం పా,” అంది.

సాయంత్రం ఇమ్మానుయేల్ వచ్చేదాకా ఆమె గడప మీదే కూర్చుంది. వాడు మా ముఖాలు చూసి చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

“నీకు చెబుదామనే అనుకున్ననక్కా.”

“ఎప్పుడు? కమాన్లు కూసున్నంక?”

“ఎన్ని దినాలు ఆడోళ్లను మోద్దును? సీజను అయిపోతే బండి ఊకె ఉంటది. సారు ఏడాది పొడుగున పని ఇస్తనన్నడు. నాకు పిల్లలు లేరా? ఆడోళ్లకు సారు ట్రాక్టరు పెడ్తడు. వాళ్లేం నడిచి పోరు గదా.”

“గా ట్రాక్టరు పొద్దుగూకేదాక కదలదని నీకు తెల్వదా?”

వాడు నా వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పు బావా.”

భాగ్యమ్మ లేచి వాడి ఎదురుగా నిలబడింది.

“ఒక్కటి చెప్పురా. మొన్న మేమంత బండి చుట్టూ నిలబడి పార్థన చేస్తుంటే, నువ్వు కండ్లు మూసుకున్నవా?”

వాడు గడప దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున చర్చి ముందు రామచంద్రయ్య ట్రాక్టరు ఆగింది. ఆడవాళ్లు భాగ్యమ్మ వైపు చూశారు. రాత్రే వాళ్లకు సంగతంతా తెలిసింది. ఆమె ఎక్కకపోతే మేమూ ఎక్కం అని అన్నవాళ్లు కూడా ఉన్నారు. కానీ ట్రాక్టరు డ్రైవరు హారన్ కొట్టగానే జములమ్మ ముందు ఎక్కింది. తర్వాత ఒకరి వెనక ఒకరు. నడుము పట్టేసిన హన్మమ్మ కూడా చెయ్యి అందించమంది.

“సీజను పోతదే భాగ్యమ్మా. మొగ్గలు మనకోసం ఆగయ్ గద,” అంది తల వంచుకుని.

చివరికి భాగ్యమ్మ కూడా ఎక్కింది. మేస్త్రిగా రైతులకు తనే మాటిచ్చి ఒప్పుకున్న పని అది.

సాయంత్రం ఆమె సాళ్లు అయిపోయాయి. ట్రాక్టరు కదల్లేదు. పక్క చేలోకి పొమ్మని డ్రైవరు చెప్పాడట. భాగ్యమ్మ సద్ది గిన్నె తీసుకుని లేచి, “మన పని అయింది, పోదాం రాండ్రి,” అందట. ఒక్కరూ లేవలేదు. తన నడుము సంగతి తెలుసు కదా, అంత దూరం నడవలేనని హన్మమ్మ అందట. ఇదంతా తర్వాత జములమ్మే నాకు చెప్పింది, ఏడుస్తూ.

బడి వదిలాక ఎందుకో మనసు నిలవక సైకిలు తీసుకుని గద్వాల రోడ్డు పట్టాను. చాలా దూరం పోయాక ఆమె ఎదురైంది. ఒక్కతే, రోడ్డు వారన, తువ్వాలు ఇంకా తలకే ఉంది. సైకిలు దిగి పక్కన నడిచాను. ఆ సీజనంతా ఆమె అలాగే పొద్దు వాలే వేళ నడిచి వచ్చింది, నేను అలాగే ఎదురు వెళ్లాను.

ఆ మొదటి రోజు వెనక నుంచి బండి చప్పుడైంది. ఇమ్మానుయేల్ మమ్మల్ని చూసి వేగం తగ్గించాడు. భాగ్యమ్మ తల తిప్పలేదు. వాడు కాసేపు మా వెంటే మెల్లగా నడిపి, దాటి పోయాడు. వెనక మూటలు నిండా ఉన్నాయి. ముందు పెద్ద గుంత ఉంది. బండి అందులో దిగి, ఏ చప్పుడూ లేకుండా, ఊయల లేచినట్టు పైకి లేచింది.

“చూసినవా,” అంది భాగ్యమ్మ. “మూటలు ఎంత సుఖంగ పోతున్నయో.”

సైకిలు ఎక్కమన్నాను. వద్దంది.