తమ్ముడి చేతిలో పెట్టిన సిగరెట్

"బావా, నువ్వు లేకుంటే మేము ఆగమైపోతుంటిమి," అంటుంది మా మరదలు, తమ్ముడి భార్య. ఆ మాట విన్నప్పుడల్లా నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఏళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఆమెకు చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను.

తమ్ముడు నల్గొండలో ఆటో నడిపేవాడు. ఇద్దరం సిగరెట్లు తాగేవాళ్లం. ఒక చలికాలం వాడికి నాలుగు మెట్లెక్కినా ఆయాసం రావడం మొదలైంది. పాడైన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు, మానేస్తే మాత్రం మిగిలిందైనా దక్కుతుంది అన్నాడు డాక్టర్. వాడు ఆ రోజే మానేశాడు. కొన్నాళ్లకు దగ్గు తగ్గింది. మొహం తేటపడింది. అందరూ మెచ్చుకున్నారు.

నాకు మండింది. ఎందుకు? వాడు కులాసాగా ఉంటే నాకేం నష్టం? వాడు మానగలిగాడు, నేను మానలేకపోయాను. అంతే.

మోత్కూర్‌లో మా అమ్మాయి పెళ్లి రోజు, వంటలు చేసే చోటు వెనక నేను సిగరెట్ ముట్టించాను. వాడు పక్కకు జరిగాడు.

"ఏందిరా, నా పక్కన నిలబడితే సస్తవా?"

"గట్ల గాదన్నా. వాసనకే మనసు గుంజుతది. జర దూరముంట."

"ఒక్కటి తాగితే ఏంగాదు. బిడ్డ పెండ్లిరా. నా మాటకు గింత ఇలువ లేదా?"

చేతిలో పెట్టాను. వాడు నా అగ్గిపెట్టె తీసుకుని ముట్టించాడు.

దాంతో మళ్లీ మొదలైంది. తర్వాత ఇంట్లో ఆక్సిజన్ మిషన్, ముక్కుకు పైపు. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడు. కూర్చునే పోయాడు. ఎవరు తాగించారని అడిగితే చివరిదాకా నా పేరు చెప్పలేదు. వాడు పోయాక ఆ ఇల్లు నడిపిస్తున్నది నేనే.

మరదలు వాడి దోస్తు సైదులును అనుమానించింది. అతనూ ఆటో డ్రైవరే. దినాలనాడు వస్తే, "నువ్వే మల్ల అలవాటు జేసినవ్," అని తిట్టింది.

"నేను గాదక్కా," అన్నాడు.

నేను అతని కాలర్ పట్టుకుని వాకిట్లోంచి బయటికి నెట్టాను. ఎంతో కసిగా నెట్టాను. ఆ కసి ఎవరి మీద? నిజం చెప్పిన ఒకే ఒక్కణ్ని, తలెత్తి నిలబడి, దోస్తు కోసం ఏడ్చిన మనిషిని గెంటేశాను.

సైదులు కాదు. నేనే. ఇన్నాళ్లకు ఈ మాట అన్నాను. క్షమించమని ఎవరినీ అడగను. మనసు కొంచెం తేలికైంది. అలా తేలికైనందుకు కూడా నా మీద నాకు కోపమే.