నెమ్మదస్తురాలు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది ఆగస్టులో, మచిలీపట్నంలోని ఒక చర్చి హాల్లో శిక్షణ జరుగుతుండగా, పావని అనే ఏడాదిన్నర పాప ఇరవై మంది ముందు గిలక్కాయ చప్పుడుకి తల తిప్పలేదు. వెనక నుంచి ఊపింది నేనే. ఎడమ పక్కన ఒకసారి, కుడి పక్కన ఒకసారి. పాప చేతిలో ఉన్న ప్లాస్టిక్ మూతనే చూసుకుంటూ కూర్చుంది.

"బందరు రోల్డుగోల్డు గిలక్కాయ అని కనిపెట్టేసిందండోయ్ మేడమ్," అంది గుడివాడ నుంచి వచ్చిన విజయ. అందరూ నవ్వారు. నేను స్టీలు గ్లాసు తీసుకుని చెంచాతో గట్టిగా కొట్టాను. బయట ఉన్న వాచ్‌మన్ కూడా లోపలికి తొంగి చూశాడు. పాప చూడలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"బస్సులో వచ్చింది కదండీ, నిద్రమత్తు," అంది సువార్త. ఈ ప్రదర్శనకి పావనిని ఎంపిక చేసి తీసుకొచ్చింది ఆమే. పాప తల్లి నాగమణి మాత్రం కంగారు పడలేదు. "ఇక్కడ మంచం లేదు గదండీ. ఇంటికాడ మంచం పట్టె మీద కొట్టి పిలిస్తే ఠక్కున చూసిద్ది," అంది.

నాకు అప్పుడు అర్థమైంది. పాపకి తెలుస్తున్నది చప్పుడు కాదు, మంచం అదురు.

అప్పటికి నేను ఒక స్వచ్ఛంద సంస్థలో శిక్షణ సమన్వయకర్తని. అంతకుముందు పదిహేనేళ్లు దినపత్రికలో పనిచేశాను. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ కేంద్రాల్లో హోమ్ విజిటర్లకి శిక్షణ ఇవ్వడం, వాళ్లు నింపిన కాగితాలు చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. హోమ్ విజిటర్ నర్సు కాదు, టీచరూ కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటరు చదివిన ఆడవాళ్లనే తీసుకునేవాళ్లం. మూడేళ్లలోపు పిల్లలున్న పేద ఇళ్లకి వారానికోసారి వెళ్లి గంటసేపు కూర్చోవాలి. బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఇంట్లో ఉన్న గిన్నెలూ మూతలతోనే ఎలా ఆడించాలో తల్లికి చేసి చూపాలి. మూడు నెలలకోసారి చెక్‌లిస్టు నింపాలి. మెడ నిలుపుతోందా, పాకుతోందా, చప్పుడు వైపు తిరుగుతోందా. ప్రతి ప్రశ్న పక్కనా ఒక గడి, అందులో టిక్కు గానీ ఇంటూ గానీ.

హోమ్ విజిటర్‌గా సువార్త చూసేది కృత్తివెన్ను మండలంలో సముద్రం పక్క ఊళ్లు. మా దగ్గర అందరికన్నా శ్రద్ధగా పనిచేసేది. వానలకి రోడ్డు మునిగితే రొయ్యల చెరువుల గట్ల మీద నడిచి వెళ్లేది. పావని తండ్రి సముద్రం మీద వేటకి వెళ్తాడు. నాగమణి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. పగలంతా పాప నాయనమ్మ దగ్గర ఉంటుంది. పిలిస్తే పలకడం లేదన్న అనుమానం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, ఎందుకంటే ఉత్త నోటితో ఎవరూ పిలవరు. నాయనమ్మ మంచం మీద చరుస్తుంది. తల్లి ఎదురుగా వచ్చి చెయ్యి ఊపుతుంది. తమకి తెలియకుండానే పాపకి తగ్గట్టు మారిపోయారు.

చప్పుడు వైపు తిరుగుతోందా అని సువార్త అడిగితే తల్లి తిరుగుతోందని చెప్పింది, మంచం మీద చరిచి చూపించింది కూడా. సువార్త టిక్కు పెట్టింది. ఐదు చెక్‌లిస్టుల్లోనూ అదే టిక్కు. చివరి రిమార్కుల గడిలో మాత్రం ఒకే మాట: నెమ్మదస్తురాలు. మా వైపు ఆడపిల్లని ఇంతకన్నా మెచ్చుకునే మాట లేదు. ఏడవదు, ఉలిక్కిపడదు, వీధిలో లారీ హారన్ కొట్టినా నిద్ర లేవదు అని నాయనమ్మ గొప్పగా చెప్పుకునేది. పర్యవేక్షణకి వెళ్లినప్పుడు నాకూ చెప్పింది. నేను ఆ షీటు మీదే "నెమ్మదైన పాప" అని రాసి సంతకం పెట్టి వచ్చాను.

పత్రికలో మొదట నేర్పేది, చూసినదాన్నీ విన్నదాన్నీ కలపకూడదని. ఎవరో చెప్పిన సంగతికి "అని తెలిపారు" లేకపోతే డెస్కులో ఆ వాక్యం కొట్టేస్తారు. నేనూ చాలా కొట్టేశాను. చెక్‌లిస్టు తొలి ప్రతిలో ప్రతి ప్రశ్నకీ రెండు గడులు ఉండేవి. తల్లి చెప్పింది ఒకటి, విజిటర్ స్వయంగా చూసింది ఒకటి. రెండు పేజీలవుతోంది, గంట సరిపోవడం లేదని విజిటర్లు మొత్తుకుంటే రెండో గడిని నేనే తీసేశాను.

విజయవాడలో పరీక్ష చేయించాం. రెండు చెవులకీ వినికిడి చాలా తక్కువ. మొదటి ఏడాదిలోనే తీసుకొస్తే మాట రావడానికి మేలుండేదని డాక్టరు అన్నారు. పోయిన నెలల వల్ల నష్టం ఎంత అని అడిగితే చెప్పలేమన్నారు. చెవులకి వినికిడి యంత్రాలు పెట్టి, మాట నేర్పే శిక్షణకి వారానికి రెండుసార్లు రమ్మన్నారు.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. నాగమణి సువార్త వైపు తిరిగి, "అక్కా, నువ్వు చెప్పినట్టే పనికాణ్ణించి రాగానే రోజూ దానికి కబుర్లు చెప్పాను. అయ్యన్నీ ఎవరికి చెప్పినట్టు?" అని అడిగింది. నేను వెనక సీట్లో కూర్చుని విన్నాను.

వారానికి రెండుసార్లు అన్నది కొద్ది రోజులకే నెలకోసారి అయింది. విజయవాడ వెళ్లిన రోజు నాగమణికి షెడ్డులో పని లేనట్టే.

సంస్థ నివేదిక అడిగింది. "క్షేత్రస్థాయిలో పరిశీలన లోపం" అని రాశాను. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ క్షేత్రస్థాయి అంటే సువార్త అని చదివినవాళ్లు అనుకున్నారు. తీసేసిన గడి సంగతి నేను రాయలేదు. మరుసటి ఏడాది ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ కబురు చెప్పడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. సువార్త కుర్చీ వేసి టీ ఇచ్చింది. "అడిగి రాయమన్నారు, అడిగి రాశాను మేడమ్. వెనక నుంచి కొట్టి చూడమని మీరు మాకెప్పుడూ చెప్పలేదు గదండీ," అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఆమె చెప్పింది నిజం.

తర్వాతి బ్యాచ్‌కి రెండు గడులూ తిరిగి పెట్టాం. చప్పుడు పరీక్ష మంచం మీద కాకుండా తల్లి ఒడిలో, వెనక నుంచి, పాప మీద నీడ పడకుండా చేయాలని నేర్పాం. ఇంటివాళ్ల మెప్పుని పరీక్ష ఫలితంగా రాసుకోకూడదన్నది నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్న పాఠం. పత్రికలో ఒకసారి నేర్చుకున్నదే.

పదవీ విరమణకి ముందు గుడివాడ ఆఫీసులో పాత కట్టలు విప్పి చూశాను. నెమ్మదస్తుడు, నెమ్మదస్తురాలు అని రాసిన షీట్లు ఇంకో తొమ్మిది దొరికాయి. నాలుగిళ్లకి వెళ్లగలిగాను. ఆ నలుగురు పిల్లలకీ వినబడుతోంది. మిగిలిన ఐదు కుటుంబాలు చెరువుల కాపలా పనికి ఊళ్లు మారాయి. వాళ్లెక్కడున్నారో ఇప్పటికీ తెలియదు.