పొట్ట కింద చీర ముక్క

2021 జూలై 5, సోమవారం, పొద్దున పదిన్నర. అరవై దాటాక రాత నేర్చాను గనుక తేదీలు రాసి పెట్టుకుంటాను. గుజరాత్‌లో సూరత్ పక్కనున్న కడోదరా బస్టాండులో నేనూ కోడలూ మాస్కులేసుకుని కూర్చున్నాం. ఒకాయన ముసలి కుక్క పొట్ట కింద చీర ముక్క వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని నడిపిస్తున్నాడు. దాని వెనక కాళ్లు పడిపోయాయి.

“జర ఆగు మోతీ, అచ్చినం” అంటున్నాడు. మన తెలుగే!

“ఏంది బిడ్డా గిది?” అని అడిగాను.

“మగ్గం మీది ఖరాబు పీసు పెద్దమ్మా. దీనికి బయటికి పోవాలె.”

“ఈడనే పోనియ్యి. ఎవలు చూస్తరు?”

“దాన్ని అది చూసుకుంటది గద. సిగ్గుపడ్తది.”

గేటు దాటేదాకా ఆపుకుంది ఆ కుక్క.

ఇప్పుడు నా కాళ్లూ పనిచేయవు. మంచం మీదే బెడ్‌పాన్ పెడతానంటుంది కోడలు. నేను ఒప్పుకోను, చంకల కింద చేతులేసి నడిపించమంటాను.

ఆ రోజు అక్కడున్నది నేను, కోడలు సుజాత, మోతీ, ఇంకా ఆయన. ఆయన పేరు అడగలేదు.