కుక్రీ వేటు

నేపాల్‌లో కమ్మరి దగ్గర చేయించుకున్న కొత్త కుక్రీ కత్తి పదును చూడాలని బంగారుపాళ్యం దగ్గర బండి ఆపాను. దారి పక్క మామిడి చెట్టు ఎవరిదీ కాదనుకుని ఒక్క వేటు వేశాను. మణికట్టు లావు కొమ్మ తెగి పడింది. మురిసిపోయాను. దాని నిండా పిందెలున్నాయని ఆ తర్వాతే చూశాను.

కంచె వెనక నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన గుప్పెడు పేడ తెచ్చి, చెట్టుకు తెగినచోట మెత్తగా పూశాడు.

"నీ కత్తి బాగానే తెగతాండాదప్పా," అన్నాడు. "ఈ చెట్టు ఈ ఏడే తొలిసారి కాసింది. సూసుకోవద్దా?"

ఆయన పిందెలు ఏరి నా సంచిలోనే పోశాడు.

"ఊరగాయ పెట్టుకో. మట్టిపాలు చేయగూడదు."

పాకాల దాటాక గానీ 'తప్పయింది' అన్న మాట నా నోటికి రాలేదు. వెనక్కి వెళ్లి ఆయనతో చెప్పి ఉండొచ్చు. వెళ్లలేదు.