చెవి దగ్గర మిరపకాయ

ఇప్పటికీ ఎండుమిరపకాయ చేతికొస్తే చెవి దగ్గర పెట్టి ఆడిస్తాను. ఆ అలవాటు ఆమెది. తొంభైల చివర్లో గుంటూరు శివారు కారం మిల్లులో సరుకు చూసే పని ఆమెదే. కాయలో గింజలు గలగలమంటే బస్తా లోపలికి పంపేది. చప్పుడు రాకపోతే, “ఇంకా ఆరలేదండీ, తీసుకెళ్లండి,” అనేది. రైతు ఎంత అరిచినా అంతే.

నేనూ అదే మిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. ఆ కారం ఘాటులో కలిసి తుమ్ముతూ, నవ్వుకుంటూ ఒకరినొకరం ఇష్టపడ్డాం. పనివాళ్ల మధ్య ప్రేమ వ్యవహారాలుంటే ఉద్యోగం పోతుందని మిల్లు గోడ మీద కాగితం ఉండేది. ఎవరో మా సంగతి చేరవేశారు. ఓనరు ఇద్దరినీ పిలిచాడు.

“నువ్వు రేపట్నుంచి రావొద్దమ్మా,” అన్నాడు ఆమెతో. నాకేసి తిరిగి, “ఒరేయ్, నువ్వు గోడౌన్‌లోకి మారు,” అన్నాడు.

“కాగితంలో ఇద్దరికీ అనేగా ఉందండీ?” అందామె.

“ఆడపిల్లవి. నీ పరువు కోసమే చెబుతున్నా.”

ఆమె నావైపు తిరిగి, తల కొంచెం వంచి ఆగింది, కాయ చప్పుడు కోసం ఆగినట్టే. నేను నేలచూపులు చూశాను.

ఆరని కాయను పక్కన పెట్టినంత నిదానంగా నా మీంచి చూపు తీసేసి, వెళ్లిపోయింది.