టిచ్ బటనుకు సుద్ద గుర్తు

పొద్దున్నే కూతురు వేదవతి గౌను వెనక అయిదు టిచ్ బటన్లు నొక్కడంతో రత్నమణికి రోజు మొదలయ్యేది. బటను టక్కుమన్నప్పుడల్లా పిల్ల భుజాలెగరేసి నవ్వేది. ఏడేళ్లొచ్చినా మాట రాలేదు గానీ, ఆ చప్పుడుకి మాత్రం నవ్వేది. మొన్న చలికాలంలో జ్వరం వచ్చి పిల్ల పోయింది. ఇప్పుడు ఆ వేళకి రత్నమణి ఇరుగుపొరుగు వాళ్ల జాకెట్లు ముందేసుకుని కూర్చుంటోంది.

వేద కడుపులో ఉండగా, ఎనభయ్యో సంవత్సరంలో, జగ్గయ్యపేటలో పట్టపగలే చీకటి కమ్మిన గ్రహణం వచ్చింది. ఆ పూట రత్నమణి ఏదో ధ్యాసలో ఊడిన హుక్కొకటి కుట్టుకుంది. అత్తగారు బసవమ్మ చూడనే చూసింది. పిల్లకి మాట రాకపోయేసరికి, ఆ సూదే కారణమని తేల్చేసింది. దోషం పోవాలని ప్రతి అమావాస్యకీ కోడలి చేత మినుములు దానం ఇప్పించేది. పిల్ల పోయినా ఆ దానం ఆగలేదు. నిజంగా నా సూదేనా అని రత్నమణి ఎవరినీ అడగలేదు.

పక్క వాటాలో ఉండే బాలాత్రిపురసుందరి నందిగామ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఈసారి అమావాస్య ఆదివారం పడింది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, చేటలో మినుములు చూసి "ఇవెందుకండీ?" అంది. అడిగినందుకేమో, రత్నమణి అంతా చెప్పేసింది.

"మీ సూది గుడ్డలో దిగింది. పిల్ల మెదడులో ఎట్లా దిగుతుందండీ?" అంది సుందరి. "కడుపులో ఉండగానే మెదడులో కోట్ల కణాలు చేతులు చాచి, ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. వాటి ఒంటిమీద మీ టిచ్ బటన్లలాంటి అణువులుంటాయి. సరైన జత తగిలితే పట్టుకుంటాయి. ఆ పట్టు కుదిరిన చోటే కబుర్లు అటూఇటూ పోయే దారి తయారవుతుంది. ఆ అణువుల్ని కనిపెట్టి పది పన్నెండేళ్లే అయింది."

"మా వేదకి ఆ పట్టు కుదర్లేదా?"

"ఏమోనండీ, నాకు తెలీదు. ఇంకేదైనా కావచ్చు. మీ సూది మాత్రం కాదు."

రత్నమణి చేతిలోని బటను పైకెత్తి చూపించింది. "మేమైతే ఒకవైపు బటను కుట్టి, దాని మొనకి సుద్ద రాసి, అవతలి అంచు మీద నొక్కుతాం. చుక్క పడ్డచోట రెండోది కుడతాం. మరి అక్కడ సుద్ద రాసేదెవరండీ?"

సుందరి పకపకా నవ్వింది. "మా కాలేజీ పిల్లలు ఒక్కరన్నా ఈ మాట అడగలేదు! పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇప్పుడు వెతుకుతున్నది అదేనండీ."

వసారాలోంచి బసవమ్మ కేకేసింది. "ఏమే, అమావాస్య పూట సూది పట్టుకుని కబుర్లా? కాలేజీ మేడమ్ చెబితే గ్రహణం సెలవు పెట్టుద్దా? పంతులుగారొచ్చే వేళయింది, మినుములు ఏరావా?"

"లేదత్తయ్యా."

"ఇంకెప్పుడు ఏరతావు?"

రత్నమణి బటను మొనకి సుద్ద రాసి అంచు మీద నొక్కింది. తెల్లచుక్క పడింది.

"ఏరనత్తయ్యా," అని ఆ చుక్కలో సూది దింపింది. చేటలో మినుములు రాళ్లతో సహా అట్లాగే ఉన్నాయి.