సిగ్నల్ లేని చోటికి పడవ పంపిన మేడమ్

మా గైడు గారు ఇక లేరని సోమవారం పొద్దున్న ల్యాబ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఆ గ్రూపు పొద్దున్నే మోగిందంటే సాధారణంగా అది ఆవిడే, "గ్రాఫు ఏదయ్యా?" అని. ఆ భయంతోనే లేచి కూర్చున్నాను. తర్వాత చదివాను. ఆసుపత్రిలో ఉన్నారని తెలుసు, తగ్గుతోందనే అనుకున్నాం.

మర్నాడు రాజమండ్రిలో, వాళ్ల చర్చిలో ప్రార్థన అయ్యాక యూనివర్సిటీ పెద్దాయన ఒకరు లేచి, ఇది కొలవలేని నష్టమన్నారు. వెనక బెంచీలో మా ల్యాబ్ వాళ్లం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆవిడ వింటే "కొలవలేనిది రిపోర్టులో ఎందుకు రాశావయ్యా, కొట్టెయ్" అనేవారు. నవ్వొచ్చింది. ఆ వెంటనే మరొకటి వచ్చింది, అది ఇక్కడ రాయను.

ఆవిడ, వరదల్లో చిక్కుకున్నవాళ్లను వెతకడానికి మనిషి లేకుండా నడిచే పడవలకూ, ఆ పడవలు తమలో తాము మాట్లాడుకునే వైర్‌లెస్ నెట్‌వర్కుకూ గురువు. వాటి తర్వాత, తీరిక ఉంటే, మాకు. చీర కింద రబ్బరు బూట్లు వేసుకుని కాలువ గట్టు మీద తిరిగేవారు. మేం సాకులు చెబుతుంటే కళ్లు మూసుకుని పూర్తిగా వినేవారు. అయ్యాక, "బావుంది. ఇప్పుడు నిజం చెప్పు" అనేవారు.

ఆవిడకొక ఆచారం ఉండేది. శుక్రవారాల్లో, పడవ కాలువలో చక్కగా తిరుగుతుండగా, చెప్పాపెట్టకుండా వచ్చి, పడవకు సిగ్నల్ పంపే గట్టు మీది బేస్ స్టేషన్ వైరు పీకేసేవారు. దానికి మేం మౌనవ్రతం అని పేరు పెట్టాం. "సిగ్నల్ ఉన్నంతసేపూ అందరూ తెలివైనవాళ్లేనయ్యా. పోయాక ఏం చేస్తుందో చూపించు."

ఆ వ్రతంలోనే మా ఘనకార్యం బయటపడింది. సిగ్నల్ బాగున్న దారే మంచి దారని పడవకు మార్కులేసి మరీ నేర్పాం. అది అచ్చం మా హాస్టల్ కుర్రాడిలా తయారైంది, సిగ్నల్ తగ్గితే గుమ్మం దాటదు. వైరు పీకగానే కాలువ మధ్యలో గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది.

"వరదలో మనిషి టవర్ కింద చిక్కుకుంటాడా ఏంటయ్యా?" అన్నారు ఆవిడ.

ఈసారి రెండు పడవలకు మళ్లీ మొదటి నుంచి నేర్పాం. పెద్ద పడవ సిగ్నల్ లేని చోటికి వెళ్లాలి, మనిషి కనబడితే దగ్గరికెళ్లి ఆగాలి. చిన్న పడవ మలుపు దగ్గర నిలబడి, అటు మాట ఇటూ ఇటు మాట అటూ అందించాలి. కాలువలో రెండూ బుద్ధిగానే ఉన్నాయి. గోదావరిలో అప్పటికింకా దింపలేదు.

ఆ ఏటి గోదావరి వరదల్లో ఒక మధ్యాహ్నం మేడమ్ గారితో కొవ్వూరు రేవులో, పడవలు గట్టున పెట్టుకుని సిగ్నల్ కొలుచుకుంటున్నాం. చేపలమ్మే ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. మేకల్ని తోలుకొస్తానని వాళ్లాయన ఏటి మధ్య లంకకు వెళ్లాడట. నావ ఇంజను ఆగిపోయిందని ఫోన్ చేశాడు, మాట మధ్యలో ఫోన్ పోయింది. లంక మీదికి నీళ్లు ఎక్కుతున్నాయి. సహాయం లాంచీ వాళ్లు బయల్దేరారు గానీ, లంకకు ఏ పక్కనున్నాడో చెప్పమంటున్నారు. ఆ ఉరవడిలో ఒక పక్కకు దిగితే మళ్లీ ఎదురెక్కి రెండో పక్కకు రాలేరు.

"అమ్మగారూ, ఆ బొమ్మ పడవలు వెళ్తాయాండీ?"

"వెళ్తాయమ్మా. తిరిగొస్తాయో లేదో చెప్పలేను."

"తిరిగి రావాల్సింది మా ఆయనండీ. పడవలకేముంది!"

మేడమ్ గారు ఆవిడ వంక చూసి తలూపారు. పెద్ద పడవలో లైఫ్ జాకెట్టూ, మాట్లాడితే చాలు పలికే రేడియో సెట్టూ కట్టాం. రెండిటినీ వదిలాం. పెద్దది ఎర్రనీళ్లలో లంక చివర దాకా వెళ్లి, మలుపు తిరిగి లంక వెనక్కి పోయింది. తెర మీద దాని చుక్క ఆరిపోయింది.

చిన్నది మలుపులో నిలవలేకపోతోంది. ఒక దుంగ దాన్ని రాసుకుంటూ పోయింది. జారుతోంది. వెనక్కి పిలిచే మీట మీద నా బొటనవేలు ఉంది. నొక్కితే పడవ దక్కుతుంది, అవతలి మాట ఎప్పటికీ రాదు.

"మేడమ్, పోతుందండీ!"

"చేతులు జేబులో పెట్టుకోవయ్యా."

పెట్టుకున్నాను. చిన్నది ఇంకాస్త జారింది, ఆగింది, తనంతట తానే దిగువన మరోచోటు చూసుకుని ముక్కు ఎదురు పెట్టి నిలబడింది. రేడియో గరగరలాడింది.

"ఏమయ్యో! వినబడుతుందా?" అని అరిచింది చేపలావిడ.

"ఎవరూ?"

"ఎవరేంటి, నీ పెళ్లాన్ని! ఎక్కడేడ్చావు?"

"చెట్టు పట్టుకున్నానే. రాజమండ్రి వైపు. నీళ్లు గుండెల దాకా వచ్చేశాయి."

"ఎదురుగా పడవలో జాకెట్టుంది, తొడుక్కో. చెట్టు వదిలావంటే చంపేస్తాను!"

"మరి మేకలూ?"

"పొద్దున్నే మీ తమ్ముడు దాటించేశాడు! అడిగితేగా నువ్వు!"

మేడమ్ గారు అప్పటికే ఫోన్‌లో లాంచీ వాళ్లకు "రాజమండ్రి వైపండీ, రాజమండ్రి వైపు" అని చెబుతున్నారు. మాకు పాఠం కూడా రెండుసార్లు చెప్పని మనిషి.

లాంచీ అతన్ని తెచ్చింది. వాళ్లావిడ మొదట రెండు దెబ్బలేసి, తర్వాత పట్టుకుని ఏడ్చింది. పెద్ద పడవ మాత్రం రాలేదు. దాని గురించి రిపోర్టులో "పోయింది" అని నేను రాస్తే, మేడమ్ గారు కొట్టేసి "పని పూర్తి చేసింది" అని రాశారు.

రేవులో జనమంతా అతని చుట్టూ చేరారు. నేను చిన్నదాన్ని వెనక్కి పిలవబోయాను.

"ఉండనివ్వయ్యా కాసేపు. ఇంకెవరైనా పిలుస్తారేమో."

బూట్లలోకి నీళ్లు వస్తున్నా ఆవిడ అక్కడే నిలబడి చూస్తున్నారు. అవతల మలుపులో చిన్న పడవ కాస్త జారుతోంది, మళ్లీ ఎదురెక్కుతోంది. దాని యాంటెన్నా గాలికి వంగి, లేస్తోంది.